ఏది మంచి నూనె?

ఒక ఊళ్ళో ఒక పెద్దాయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. కొడుకు ఆయన్ని పట్నం తీసుకెళ్ళాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు మందులు రాసిచ్చారు. బీడీ మానెయ్యమన్నారు. చివరికి ఇంకో మాట చెప్పారు.

"నూనె తగ్గించండి. వాడే నాలుగు చుక్కలూ మంచి నూనె వాడండి."

ఇంటికి వచ్చాక గొడవ మొదలైంది.

మంచి నూనె అంటే నువ్వుల నూనె అంది అత్త. ఆమె పుట్టిల్లు కోస్తా వైపు. అక్కడ నువ్వుల నూనెనే మంచి నూనె అంటారు. కాదు అత్తమ్మా, మంచి నూనె అంటే పల్లి నూనె కదా అంది కోడలు. ఆమె పుట్టిన ఊళ్ళో పల్లి నూనెకే ఆ పేరు. కొడుకు ఇంకోటి అన్నాడు. టీవీలో గుండె బొమ్మ వేసి చూపిస్తారు చూడు, ఆ ప్యాకెట్టే మంచి నూనె అన్నాడు. పెద్దాయన అందరి మాటా విని, "ఇంట్లో నెయ్యి పెట్టుకుని ఈ నూనెల గోలేంటి?" అన్నాడు.

నలుగురికీ నాలుగు అర్థాలు. డాక్టరుగారు విడమరిచి చెప్పలేదు. వీళ్ళు అడగలేదు. గుండె నొప్పి వచ్చిన ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. రోజూ మూడు పూటలా తినే తిండి అది.

కోడలు పెళ్ళయ్యాక చదువు నేర్చుకుంది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు మాత్రం బాగా వచ్చు. పొదుపు సంఘం లెక్కలు ఆమే రాస్తుంది. నూనె సంగతి ఏదో తనే తేల్చుకోవాలి అనుకుంది. కిరాణా కొట్టుకు వెళ్ళింది. ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. దాని మీద గుండె బొమ్మ ఉంది. 'కొలెస్ట్రాల్ లేదు' అని రాసి ఉంది. వెనక్కి తిప్పింది. చిన్న అక్షరాల్లో ఏదో ఇంగ్లీషు. కొట్టు దగ్గర నిలబడ్డ పదో తరగతి పిల్లను పిలిచి చదవమంది.

"పామోలిన్ నూనె అని ఉందక్కా" అంది ఆ పిల్ల.

ఆ ప్యాకెట్ మీద రాసింది అబద్ధం కాదు. పామాయిల్‌లో కొలెస్ట్రాల్ ఉండదు. పల్లి నూనెలోనూ ఉండదు. నువ్వుల నూనెలోనూ ఉండదు. చెట్టు నుంచి, గింజ నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల నుంచి వచ్చే పాలు, నెయ్యి, గుడ్డు, మాంసం వంటి వాటిలోనే ఉంటుంది. కాబట్టి నూనె ప్యాకెట్ మీద ఆ మాట రాయడం, కుండ మీద 'ఇందులో రాళ్ళు లేవు' అని రాసినట్టే. చూడవలసింది వేరే ఉంది.

పూల దండ లెక్క

నూనె, నెయ్యి, వెన్న, డాల్డా - ఇవన్నీ కొవ్వులే. చూడ్డానికి వేరు. లోపల కట్టుబడి మాత్రం ఒకే రకం. ఆ కట్టుబడి అర్థమైతే మిగతాదంతా సులువు.

ఒక పూల దండను ఊహించుకోండి. దారం ఉంది. దారం పొడుగునా పూలు కట్టి ఉన్నాయి. కొవ్వులో కూడా కంటికి కనిపించనంత చిన్న దండలు ఉంటాయి. ఆ దండలో దారం కార్బన్. పూలు హైడ్రోజన్.

దారం పొడుగునా ఎక్కడా ఖాళీ లేకుండా పూలు కట్టారనుకోండి. దండ బిర్రుగా, తిన్నగా ఉంటుంది. దీన్ని సంతృప్త కొవ్వు అంటారు. సంతృప్తి అంటే తెలుసు కదా, ఇక చాలు అనిపించడం. ఈ దండకు ఇంకో పువ్వు పట్టదు. అందుకే ఆ పేరు.

దారంలో ఒకచోట పూలు తప్పాయనుకోండి. అక్కడ దండ వంగుతుంది. ఇది అసంతృప్త కొవ్వు. ఒకే చోట ఖాళీ ఉంటే ఒక రకం, రెండు మూడు చోట్ల ఖాళీలుంటే ఇంకో రకం.

పేరు వింటే అసంతృప్తి ఏదో చెడ్డదిలాగా ఉంది. సంతృప్తి మంచిదిలాగా ఉంది. కానీ ఇక్కడ కథ తిరగబడింది. గుండెకు మేలు చేసేది ఆ అసంతృప్త కొవ్వే. ఈ పేరు పెట్టినవాళ్ళు పూలనే లెక్కపెట్టారు. తినేవాళ్ళ మేలు చూసి పెట్టిన పేరు కాదు.

తిన్నని దండలను గంపలో పేరిస్తే ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా సర్దుకుంటాయి. వంకర దండలు అలా సర్దుకోవు. మధ్యలో సందులుంటాయి. కొవ్వులోనూ ఇంతే. తిన్నని దండలు ఎక్కువున్న కొవ్వు పేరుకుంటుంది. వంకర దండలు ఎక్కువున్నది నూనెలా పారుతుంది. చలికాలం పొద్దున్నే వంటింట్లో చూడండి. నెయ్యి గడ్డకట్టి ఉంటుంది. కొబ్బరి నూనె సీసాలో తెల్లగా పేరుకుని ఉంటుంది. పామోలిన్ మసకబారి, అడుగున ముద్దలా దిగుతుంది. పక్కనే ఉన్న పల్లి నూనె, నువ్వుల నూనె మాత్రం పారుతూనే ఉంటాయి. తరతరాలుగా ఆడవాళ్ళు రోజూ చూస్తున్నదే ఇది. కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు.

గుండెతో ఏం పని?

మన రక్తంలో కొలెస్ట్రాల్ అనే మైనం లాంటి పదార్థం తిరుగుతూ ఉంటుంది. అది ఒంటికి కావలసిందే. లివరు దాన్ని తయారుచేస్తుంది. కానీ అందులో ఒక రకం ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. నాళం సన్నబడుతుంది. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఈ చెడ్డ రకం కొలెస్ట్రాల్ పెరుగుతుంది. దాని బదులు అసంతృప్త కొవ్వు తింటే తగ్గుతుంది. ఇక్కడ 'బదులు' అన్న మాట మరిచిపోకూడదు. ఉన్న నెయ్యి ఉండగానే, మంచిది కదా అని పైన ఇంకో రెండు గరిటెల నూనె పోస్తే మేలు జరగదు. ఒకటి తగ్గించి, దాని చోట ఇంకోటి వాడాలి.

ఇంకో మాట. నూనె మార్చాం కదా అని డాక్టరు రాసిన మాత్రలు మానకూడదు. పెద్దాయన వారం తిరక్కుండానే ఆ పని చెయ్యబోయాడు. అత్త ఒప్పుకోలేదు.

ఏ నూనెలో ఎంత?

ఏ నూనె అయినా, నెయ్యి అయినా అందులో రెండు రకాల దండలూ కలిసే ఉంటాయి. పాళ్ళు వేరు, అంతే. వంద గ్రాముల నూనె తీసుకుని అందులో సంతృప్త కొవ్వు ఎంతో చూస్తే చాలు. మిగిలింది దాదాపు అంతా అసంతృప్తమే.

పల్లి నూనెలో వందకు 20 గ్రాముల దాకా సంతృప్తం. అంటే 80 అసంతృప్తం. నువ్వుల నూనెలో సంతృప్తం 15. పొద్దుతిరుగుడు నూనెలో 10 నుంచి 12. కుసుమ నూనెలో అంతకన్నా కొంచెం తక్కువ. తవుడు నూనెలో 22 నుంచి 24. పత్తి గింజల నూనెలో 26 దాకా. పామోలిన్‌లో 40 నుంచి 45. నెయ్యిలో 60 దాటి 65 దాకా. కొబ్బరి నూనెలో 90.

ఈ లెక్క ప్రకారం అత్త చెప్పిన నువ్వుల నూనె మంచిదే. కోడలు చెప్పిన పల్లి నూనె కూడా మంచిదే. ఇద్దరూ పోట్లాడుకోవలసిన పనే లేదు. పల్లి నూనెలో సగం దాకా ఒకే ఖాళీ ఉన్న దండలు. పొద్దుతిరుగుడులో, కుసుమలో ఎక్కువ ఖాళీలున్న దండలు. నువ్వుల నూనెలో రెండూ కాస్త సమానంగా ఉంటాయి. అందుకే ఎప్పుడూ ఒకే నూనె వాడకుండా మార్చి మార్చి వాడితే మంచిదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఈ నెల పల్లి నూనె, వచ్చే నెల నువ్వుల నూనె వాడొచ్చు. కూరకు ఒకటి, తాలింపుకు ఒకటి వాడినా సరే. విదేశాల నుంచి వచ్చే ఆలివ్ నూనె కోసం అప్పు చెయ్యక్కర్లేదు.

పామాయిల్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఈ చెట్టు ఆఫ్రికా నుంచి వచ్చింది. ఇప్పుడు పశ్చిమ గోదావరి వైపు, ఖమ్మం వైపు ఆయిల్‌పామ్ తోటలు చాలా ఉన్నాయి. పెదవేగిలో ఈ పంట మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. అయినా మన దేశం వంట నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే కొంటోంది. పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చేది. 2022లో ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైతే మన ఊరి కొట్లో నూనె ధర పెరిగింది.

పామాయిల్ విషం కాదు. ఒకప్పుడు చౌక డిపోల్లో ఇచ్చిందీ అదే. ఎన్నో పేద ఇళ్ళల్లో కూర ఉడికింది దానితోనే. చౌకగా దొరుకుతుంది కాబట్టి కొంటారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ గుండె జబ్బు ఉన్న ఇంట్లో పూర్తిగా దాని మీదే ఆధారపడకూడదు. డబ్బు చాలకపోతే సగం పామాయిల్, సగం పల్లి నూనె వాడినా సంతృప్తం 45 నుంచి 32 దగ్గరికి దిగుతుంది.

గానుగ నూనె సంగతి ఏమిటని చాలామంది అడుగుతారు. గానుగలో ఆడించినా, మిల్లులో తీసినా పల్లి నూనెలోని దండలు మారవు. గానుగ నూనెకు వాసన, రుచి బాగుంటాయి. గింజలోని మేలు చేసే కొన్ని పదార్థాలు మిగులుతాయి. తొందరగా పాడవుతుంది కూడా. ఎదురుగా ఆడించి ఇస్తే, ధర అందుబాటులో ఉంటే తెచ్చుకోవచ్చు.

ఖాళీలు పూడ్చిన నూనె

మన దేశంలో 1937 నుంచి డాల్డా అమ్మారు. అది కంపెనీ పెట్టిన పేరు. దాని అసలు పేరు వనస్పతి. కానీ జనం అన్ని వనస్పతులనూ డాల్డా అనే పిలిచారు. నెయ్యి కొనలేని ఇళ్ళల్లో నెయ్యిలా కనిపించేది అదే. పెళ్ళిళ్ళలో లడ్డూలు, మైసూర్‌పాక్ దానితోనే చేసేవారు.

దాన్ని ఎలా చేసేవారు? నూనెను వేడిచేసి, అందులోకి హైడ్రోజన్ వాయువు పంపేవారు. అంటే వంకర దండల ఖాళీల్లో పూలు కట్టేవారన్నమాట. దండలు తిన్నబడతాయి. నూనె గడ్డకడుతుంది. కానీ ఈ పనిలో ఒక తిరకాసు ఉంది. కొన్ని దండల్లో ఖాళీ అలాగే ఉండిపోయి, వంపు మాత్రం పోతుంది. ఇలా మారిన కొవ్వును ట్రాన్స్ కొవ్వు అంటారు. ఇది అన్నిటికన్నా చెడ్డది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాదు, మంచి రకాన్ని తగ్గిస్తుంది.

ఈ సంగతి తెలిశాక ప్రభుత్వం చట్టం చేసింది. నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు వందకు 3 పాళ్ళు దాటకూడదని 2021 జనవరిలో, 2 పాళ్ళు దాటకూడదని 2022 జనవరిలో నిబంధన పెట్టింది. ప్యాకెట్ వెనక పట్టికలో ట్రాన్స్ కొవ్వు ఎంతో రాయాలి. అయితే ట్రాన్స్ తగ్గినంత మాత్రాన వనస్పతి పల్లి నూనె అయిపోదు. గడ్డకట్టి ఉందంటే తిన్నని దండలు ఎక్కువున్నట్టే కదా.

ప్యాకెట్ వెనక చదవడం

ప్యాకెట్ వెనక ఒక చిన్న పట్టిక ఉంటుంది. చాలావాటి మీద అది ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇది అన్యాయమే. తెలుగు ఊళ్ళల్లో అమ్మే సరుకు మీద తెలుగులో రాయడానికి ఏం కష్టం? కానీ అంకెలు మాత్రం అందరివీ ఒకటే. కోడలు ఏం చేసిందంటే, ఆ పదో తరగతి పిల్లతో 'శాచురేటెడ్' అన్న మాట ఎక్కడుందో చూపించమంది. సంతృప్త కొవ్వుకు ఇంగ్లీషు మాట అది. దాని కింద పెన్నుతో గీత గీయించుకుంది. దాని ఎదురుగా ఉన్న అంకె చదివింది. గుండె బొమ్మ ప్యాకెట్ మీద 45 ఉంది. పక్కనున్న పల్లి నూనె ప్యాకెట్ మీద 20 ఉంది. బొమ్మలు వదిలేసి అంకెలు చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయింది.

'మోనో' అని మొదలయ్యేది ఒక ఖాళీ ఉన్న రకం. 'పాలీ' అని మొదలయ్యేది ఎక్కువ ఖాళీలున్న రకం. ఈ రెండు అంకెలూ కలిపితే మొత్తం అసంతృప్త కొవ్వు వస్తుంది. రెండు నూనెలు కలిపి అమ్మే ప్యాకెట్లూ ఉంటాయి. అలా కలిపితే ఏ నూనె వందకు ఎన్ని పాళ్ళో ప్యాకెట్ మీద రాయాలి. ముందు వైపు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ చూసి మోసపోకుండా ఆ పాళ్ళు చదవాలి.

బరువు కూడా చూడాలి. లీటరు నూనె బరువు 910 గ్రాములు. కొన్ని ప్యాకెట్లు చూడ్డానికి లీటరులాగే ఉంటాయి కానీ బరువు అంతకన్నా తక్కువ ఉంటుంది. ధర తక్కువని సంబరపడితే నష్టపోయేది మనమే.

క్యాలెండర్ మీద నూనె లెక్క

ఎంత వాడాలి? పెద్దవాళ్ళకు చేసే పనిని బట్టి మనిషికి రోజుకు 20 నుంచి 30 గ్రాములని పోషకాహార నిపుణులు చెబుతారు. పైన వేసుకునే నెయ్యి, వెన్న కూడా ఇందులోనే లెక్క. లెక్క తేలిగ్గా ఉండాలని మధ్యలో 25 గ్రాములు అనుకుందాం. అంటే ఐదున్నర చిన్న చెంచాలు. ఇంట్లో చెంచాలు రకరకాలుగా ఉంటాయి. పిల్లల దగ్గు మందు సీసా మీద కొలత గీతలున్న మూత ఉంటుంది. అందులో 5 అని గీత ఉన్నంత వరకు నూనె పోస్తే నాలుగున్నర గ్రాములు. దాన్ని మీ చెంచాలో పోసి చూసుకుంటే మీ చెంచా కొలత తెలిసిపోతుంది.

రోజూ కూర చేసేటప్పుడు కొలుచుకుంటూ కూర్చుంటే పొయ్యి మీద తాలింపు మాడిపోతుంది. అంతకన్నా సులువైన దారి ఒకటి ఉంది. ఇళ్ళల్లో పాల లెక్క ఎలా రాస్తారు? గోడ మీద క్యాలెండర్‌లో గీతలు పెడతారు. నూనెకూ అంతే. ప్యాకెట్ కత్తిరించిన రోజున ఆ తేదీ మీద సున్నా చుట్టండి. అయిపోయి కొత్తది కత్తిరించిన రోజున ఇంకో సున్నా చుట్టండి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టండి.

ఎన్ని రోజులు రావాలి? 910 గ్రాములను 25తో భాగిస్తే 36. లీటరు నూనె ఒక మనిషికి 36 రోజులు వస్తుందన్నమాట. 36ను ఇంట్లో తినేవాళ్ళతో భాగించాలి. ఇద్దరుంటే 18 రోజులు. ముగ్గురికి 12 రోజులు. నలుగురికి 9. ఐదుగురికి 7. ఆరుగురికి 6. పిల్లలను కూడా ఒక్కొక్కరిగానే లెక్కపెట్టాలి. ఎదిగే ఒంటికి కొవ్వు కావాలి. కానీ ఏడాది నిండని పసివాళ్ళను ఇందులో కలపకూడదు.

కోడలి ఇంట్లో ఆరుగురు. మొదటి ప్యాకెట్ నాలుగు రోజులకే అయిపోయింది. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు. అప్పటికింకా నెయ్యి కలపలేదు.

"ఇంత ఎలా పోస్తున్నాం అత్తమ్మా?" అంది కోడలు.

"నువ్వు వేపుళ్ళు చెయ్యట్లేదా?" అంది అత్త.

"మీరు అప్పడాలు వేయించట్లేదా?" అంది కోడలు.

ఇద్దరూ నిజమే చెప్పారు. వేపుడు, అప్పడాలు, వారానికి రెండుసార్లు బజ్జీలు. పైగా ఆవకాయ మీద తేలే నూనె కూడా అన్నంలోకే పోతోంది. దొండకాయ, బెండకాయ ముందు ఉప్పు నీళ్ళలో కాస్త ఉడికించి ఆపైన వేయిస్తే నూనె సగం పడుతుంది. నూనె సీసా నుంచి నేరుగా మూకుడులోకి వంచకుండా చెంచాతో పోస్తే చెయ్యి దానంతటదే తగ్గుతుంది. అప్పడం నిప్పుల మీద కాల్చినా అప్పడమే.

పెద్దాయన నెయ్యి

ఇప్పుడు పెద్దాయన సంగతి. రోజుకు 2000 క్యాలరీల తిండి తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. క్యాలరీ అంటే తిండి ఇచ్చే శక్తికి కొలత. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టరు ఇంకా తక్కువ చెప్పవచ్చు. కోడలు నోటు పుస్తకంలో రాసింది.

పొద్దున గ్లాసు గేదె పాలు. అందులో కొవ్వు 13 గ్రాముల దాకా ఉంటుంది. సంతృప్తం 8. పప్పన్నంలో రెండు చెంచాల నెయ్యి. సంతృప్తం 6. కూరల్లో పామోలిన్ 25 గ్రాములు. సంతృప్తం 11. మొత్తం 25. పెరుగు, బిస్కెట్లు, టీ కొట్టు దగ్గర తినే బజ్జీ ఇంకా లెక్కలోకి రానేలేదు.

పామోలిన్ బదులు పల్లి నూనె పెడితే 11 కాస్తా 5 అవుతుంది. మొత్తం 19. నెయ్యి ఒక చెంచా తగ్గిస్తే 16. గేదె పాల బదులు టోన్డ్ పాలు తెచ్చుకుంటే ఇంకా దిగుతుంది. ఆ పాలల్లో కొవ్వు వందకు 3 పాళ్ళే ఉంటుంది. నెయ్యి పూర్తిగా మానక్కర్లేదు. మానమంటే ఆయన వినేవాడూ కాదు.

అసలు నూనే అందనివాళ్ళు

ఇంతవరకు తగ్గించడం గురించే చెప్పుకున్నాం. కానీ తెలుగు పల్లెల్లో తక్కువ తినేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కువ. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పులుసు పోసుకుని, గొడ్డుకారంతో అన్నం తిని లేచే తల్లులకు నూనె తగ్గించమని చెప్పడం అన్యాయం. పొలంలో నాట్లు వేసే మనిషికి, కడుపుతో ఉన్నామెకు, పాలిచ్చే తల్లికి 30 గ్రాముల దాకా కావాలి. గ్రాము కొవ్వు 9 క్యాలరీల శక్తి ఇస్తుంది. గ్రాము అన్నపు పిండి పదార్థం ఇచ్చేది 4 మాత్రమే. ఆకుకూరల్లో, క్యారెట్లో ఉండే ఎ విటమిన్‌కు సంబంధించిన పదార్థం ఒంటికి పట్టాలంటే కూడా కాస్త నూనె ఉండాలి. నూనె చుక్క లేకుండా ఉడికించిన తోటకూరలో ఆ మేలు చాలావరకు వృథా.

గోరుముద్దలు తినే పిల్లలకు పప్పన్నంలో చెంచా నెయ్యో, నూనో కలపాలి. వాళ్ళ పొట్ట చిన్నది. కొంచెం తిండిలోనే ఎక్కువ శక్తి అందాలి.

అసంతృప్త కొవ్వు నూనె ప్యాకెట్లోనే ఉండాలని లేదు. పల్లీల్లో సగం దాకా కొవ్వే. నువ్వుల్లో కూడా అంతే. అందులో ఎక్కువ భాగం అసంతృప్తం. గుప్పెడు ఉడికించిన పల్లీలు, ఒక నువ్వుల ఉండ తింటే కొవ్వుతో పాటు మాంసకృత్తులు కూడా అందుతాయి.

ఒంట్లో తయారుకాని, తిండి నుంచే రావలసిన కొవ్వులు రెండు రకాలున్నాయి. ఒకటి ఒమేగా-6. మన నూనెల్లో ఇది బాగానే ఉంది. రెండోది ఒమేగా-3. ఇది పల్లి నూనెలో, నువ్వుల నూనెలో, పొద్దుతిరుగుడులో లేనట్టే. అవిసె గింజల్లో బాగా ఉంటుంది. అవిసె చెట్టు వేరు, ఈ అవిసె గింజలు వేరు. చెట్టు ఆకు కూర వండుకుంటారు. ఈ గింజలు చిన్న మొక్కకు కాసేవి. గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంటాయి. వీటిని దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి పొడి కొట్టుకుంటే అన్నంలోకి బాగుంటుంది. వారానికి సరిపడా కొట్టుకుంటే చాలు. ఎక్కువ రోజులుంటే ముక్కిపోతుంది. సముద్రపు చిన్న చేపలు, కవళ్ళ లాంటివి, తినేవాళ్ళకు వాటిలోనూ ఒమేగా-3 దొరుకుతుంది. గంగవాయిలి కూరలో కొంచెం ఉంటుంది. సోయా నూనెలో, ఆవ నూనెలో కూడా ఉంది.

ఖాళీలున్న దండలకు ఒక బలహీనత ఉంది. ఆ ఖాళీల్లోకి గాలి దూరుతుంది. నూనెకు ముక్క వాసన వచ్చేది అందుకే. నూనె సీసాకు మూత బిగించి, పొయ్యికి దూరంగా, ఎండ తగలని చోట పెట్టాలి. బజ్జీలు వేసిన నూనె మళ్ళీ మళ్ళీ కాస్తే ఇంకా తొందరగా చెడుతుంది. ఒకసారి వేయించాక మిగిలింది వడకట్టి, రెండు మూడు రోజుల్లో కూరల్లో వాడెయ్యాలి. నల్లబడినా, నురుగు కట్టినా, జిగురుగా సాగినా పారబొయ్యాలి. ప్రాణం ఒప్పదు, నిజమే. అందుకే మూకుడులో తక్కువ పోసి, నాలుగు నాలుగుగా వేయించుకోవడం మేలు.

కోడలి ఇంట్లో క్యాలెండర్ మీద ఇప్పుడు రెండు రంగుల సున్నాలున్నాయి. పల్లి నూనెకు నీలం, నువ్వుల నూనెకు ఎరుపు. పోయిన ప్యాకెట్ 3వ తేదీన కత్తిరిస్తే 9వ తేదీ దాకా వచ్చింది. ఆరు రోజులు. దసరా వారంలో మాత్రం మూడు రోజులకే అయిపోయింది. ఆ సున్నా పక్కన కోడలు 'గారెలు' అని రాసి పెట్టింది.